ఎకరన్నర

కింబల్ ఊరికి ఉత్తరంగా పదకొండు మైళ్లు,
మట్టిరోడ్డు మలుపు తిరిగేచోట మా చేను.
అందులో ఎకరన్నర మాది కాదు.
అరవై మూడులో సర్కారు వాళ్లొచ్చి
కొలిచి, కంచె వేసి, కాగితం చేతిలో పెట్టి
ఒక పిడుగును నిలువుగా పాతి వెళ్లారు.
పిల్లలు క్షిపణి అంటారు. నాకు పిడుగే.

పాతింది మొలవకూడదని మొక్కుకుంటూ
చుట్టూ దున్నుకునే చేను
నెబ్రాస్కాలో మాదొక్కటే కాదులెండి.

"రష్యావాడు బెదురుతాడమ్మా" అన్నాడు
టై కట్టుకొచ్చిన ఆఫీసరు.
పిట్టల్ని బెదిరించడానికి మేమూ దిష్టిబొమ్మ పెడతాం.
భూమిలోపల పాతేసిన దిష్టిబొమ్మను
ఏ పిట్ట చూడాలి, ఎప్పుడు బెదరాలి?
మా ఆయన కాన్రాడ్ ఆ మాట అడగలేదు.
కాఫీలో రెండో చెంచా చక్కెర వేసుకుని
కంచె మూలల్లో ట్రాక్టరు ఎలా తిప్పాలని మాత్రం అడిగాడు.

కుందేలు దూరినా ఎక్కడో గంట మోగుతుంది.
ఎండు ముళ్లకంప గాలికి దొర్లి తగిలినా మోగుతుంది.
అర్ధరాత్రి జీపులో కుర్రాళ్లొస్తారు, తుపాకులతో.
వాళ్లలో డెల్బర్ట్ అని, అలబామావాడు,
ఆ ఏడే మొదటిసారి మంచు చూసినవాడు,
కుందేలు ముందు మోకాళ్లమీద కూర్చుని
"పోవే తల్లీ, పోవే" అని బతిమాలుతుంటే
మా వాకిట్లోకి వినబడింది.
మంచు రాత్రుల్లో మాట చాలా దూరం పోతుంది.

ఇవన్నీ చూడటానికి మా నాయనమ్మ లేదు.
ఆమె వోల్గా ఒడ్డున పుట్టింది.
పదమూడేళ్ల పిల్ల. ఓడెక్కే ముందు శీతాకాలమంతా
పొయ్యి దగ్గర కూర్చుని ఎర్ర గోధుమల్లో
నలిగినవీ పుచ్చినవీ ఏరి పారేసి
గుడ్డసంచి నింపిందట.
ఆ సంచి తలకింద పెట్టుకునే సముద్రం దాటింది.
ఇవాళ ఈ చేలో ఊగే కంకికి
ముత్తవ్వకు ముత్తవ్వ ఆ సంచిలో ఉంది.

డెబ్బై రెండు జూలైలో కోతలయ్యాయి.
బుషెలు డాలరు ముప్పైకి తోలేశాం,
ట్రాక్టరు వాయిదా ఆగదు కదా.
ఆ తర్వాత రేడియో చెప్పింది:
రష్యా గోధుమలు కొంటోంది, ఓడలకొద్దీ.
సెప్టెంబరుకి ధర రెండు దాటింది.
గిడ్డంగి ఆసామి ఒట్టో నవ్వుతూ
"మీవి కూడా పడవెక్కాయి, లిడియా" అన్నాడు.
కాన్రాడ్ మూడు రోజులు సరిగా తినలేదు.
కోపం రష్యా మీదో, వాషింగ్టన్ మీదో, ఒట్టో మీదో
తనకే అంతుపట్టక
నిక్షేపంలా ఉన్న గొడ్లపాకకు మళ్లీ రంగు వేశాడు.

నేను కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను.
పిడుగుకి అక్కడికి అరగంట చాలు.
గింజకి నలభై రోజులు: రైలు, రేవు, సముద్రం, మళ్లీ రైలు.
నాయనమ్మ సంచికి
వచ్చిన దారినే తిరిగి వెళ్లడానికి డెబ్బై ఎనిమిదేళ్లు.
ఒకే చేలోంచి ఒకే ఇంటికి
కూడూ, కాడూ.
అక్కడ ఒకామె ఈపాటికి మా పిండి పిసుకుతుంటుంది.
ఆమె చేలోనూ ఎకరన్నర ఆమెది కాదేమో,
మా వాకిటివైపు గురిపెట్టి పాతారేమో.
ఆమె కంచెలోనూ కుందేళ్లు దూరతాయా?
గీత గీశాను. గీత కింద ఏం రాయాలో తెలియలేదు.
బిల్లు ఐదో తారీఖులోగా కట్టాలి.

ఈ ఏడు కంచెలోపల, కంకర సందుల్లో,
ఏడెనిమిది గోధుమ మొక్కలు వాటంతటవే లేచాయి.
బెదరని పిట్ట ఏదో జారవిడిచి ఉంటుంది.
మందు కొట్టి చంపాలట, రూలు.
డెల్బర్ట్ మందు డబ్బాతో నిలబడి
అటూ ఇటూ చూసి ఒక కంకి తుంచాడు.
అరచేతుల్లో నలిపాడు. ఊక ఊదాడు.
నోట్లో వేసుకుని నములుతూ నావైపు తిరిగాడు.

నేను వంగి
ట్రాక్టరు చక్రంలో గాలి చూసుకుంటున్నాను.