ప్రశ్న ముప్ఫై ఏడు

పొగతోటలో ఆసుపత్రుల బోర్డులు ఆరిపోయాక
పార్కు గేటుకి తాళమేసి
మోటారు గదిలో పుస్తకం తెరుస్తాను.
నలభై మూడేళ్లకి మళ్లీ హాల్ టికెట్టు.
సర్టిఫికెట్ లేకుంటే సూపర్‌వైజర్‌వి కాదు,
కాపలాదారువే అన్నాడు కొత్త సారు.

ఊయల కింద ఇసుక ఎంత లోతుండాలి?
ఎ, బి, సి, డి.
సి అని తెలుసు.
పెన్సిల్ ఆనించి, మళ్లీ తీసి
టార్చీ, స్కేలు పట్టుకుని బయటికొచ్చాను.

వేపపుల్లలు, శనక్కాయ తొక్కలు,
ఎవరి పట్టీదో ఒక మువ్వ.
వాటి కింద నాలుగు వేళ్ల ఇసుక.
ఆ కింద రాయిలాంటి నేల.
మొన్న ఎండాకాలం
ఖాజావలి మనవరాలి గడ్డం పగిలింది ఇక్కడే.
మూడు కుట్లు.
ఆ పూట నేను
"చూసుకోవద్దా తల్లీ" అని
వాళ్లమ్మనే కసిరాను.

ఊరిని ఆనుకుని పెన్నంతా ఇసుకే సామీ!
రాత్రంతా లారీలెక్కి మేడలవుతుంది.
నా పార్కుకి ఒక్క ట్రాక్టరడిగితే
ఏడాదిగా ఫైలు
ఈ బల్ల మీంచి ఆ బల్లకి ఊగుతోంది.

తెల్లారి పెంచలమ్మకి చెప్పాను.
చీపురు గోడకానించి విన్నది.
"ఈ ముక్కకి పుస్తకమెందుకబ్బయా,
పడిన బిడ్డనడిగితే చాలదా?"
గొలుసులు పైకి చుట్టి
నులకతాడుతో ముడేసింది.

పరీక్ష ఆదివారం.
సి దిద్దుతాను, మార్కొస్తుంది.

సాయంత్రం పిల్లలు ముడి కింద నిలబడి
ఎప్పుడు విప్పుతావని అడిగారు.
ఎ, బి, సి, డి...
నా దగ్గర ఒక్కటీ లేదు.