శ్రుతి ఎక్కించే పని

కుతాయిసీలో పియానోలు శ్రుతి చేస్తాను.
ఇరవై రెండేళ్ళుగా ఇదే బతుకు.
మొన్నటి ఆకురాలు కాలంలో
సంగీత పాఠశాల మూడో గదిలో
ఒక్క మీటైనా నొక్కలేక
అలాగే కూర్చుండిపోయాను.
కాపలా మనిషి వచ్చి లైటు వేస్తేగానీ
చీకటి పడిందని తెలియలేదు.

డాక్టర్ ఇయా చీటీ రాసింది.
చిన్న తెల్ల మాత్ర, మధ్యలో గీత.
"రేపే నవ్వేస్తాననుకోకు మల్ఖాజ్.
నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఆరు.
మంచి కన్నా ముందు వికారం వస్తుంది,
నోరెండుతుంది, నిద్ర తలకిందులవుతుంది.
చచ్చిపోవాలన్న ఆలోచన ముదిరితే మాత్రం
తెల్లారేదాకా ఆగకు."
తర్వాత నా చెల్లెలి వైపు తిరిగి
"మొదట్లో ఈయన్ని ఓ కంట కనిపెట్టు" అంది.
బల్ల అంచున పెట్టిన గాజు గ్లాసుని చూసినట్టు
నార్గిజా నన్ను చూసింది.
నాకు కోపమొచ్చింది. ఆ కోపమే
చాలా నెలల తర్వాత నాలో కదిలిన మొదటి వస్తువు.

మాత్రలు అల్మారా పై అరలో,
మేనకోడలి చెయ్యి అందని ఎత్తులో,
శ్రుతిదండం పక్కన.
పొద్దున్నే దాన్ని మోకాలికి కొట్టి
'లా' వింటాను. మాత్ర. నీళ్ళు.
విన్నంత మాత్రాన ఏమీ అనిపించదు. అయినా వింటాను.

రెండో వారం రాచా కొండల నుంచి
ఫతి అత్త వచ్చింది, సీసా నిండా ఎండు పసుపు పూలతో.
క్రజానా.
"దిగులుకి మా అమ్మ ఇదే కాచి పోసేది" అంది.
కాదనడం ఎలా? రెండు కప్పులు తాగాను.

మర్నాడు దగ్గు మందు కోసం వెళ్తే
మందుల షాపు త్సియాల వెంటనే ఇవ్వలేదు.
"ఇంకేం వాడుతున్నావ్?"
"ఏం లేదు."
"టీ, కషాయం?"
చెప్పాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.
"పువ్వే కదా అనుకున్నావు.
నీ మాత్రా ఆ పువ్వూ ఒకే తలుపుని తోస్తాయి.
రెండూ కలిసి తోస్తే ఒళ్ళు కాలుతుంది, చేతులు వణుకుతాయి,
గుండె గుర్రమవుతుంది. అలా అయితే నా దగ్గరికి కాదు,
ఆసుపత్రికి పరుగెత్తు."
అక్కడే నిలబెట్టి డాక్టరుకి ఫోన్ చేసింది.

అత్త వారం రోజులు మాట్లాడలేదు.
తర్వాత అక్రోట్లు పంపింది.

నామకరణ విందులో కొమ్ము నా దాకా వచ్చింది.
మందులో ఉన్నవాడికి మందు వద్దన్నాను.
తర్హూన్ సోడా పోసుకున్నాను, ఆకుపచ్చ, పిల్లల పానీయం.
బల్ల పెద్ద నన్ను పైనుంచి కిందకి చూశాడు.
నవ్వుతాడనుకున్నాను.
పోయినవాళ్ళ పేరున అందరూ లేచినప్పుడు
నా కొమ్ముకి తన కొమ్ము తాకించి
చెవిలో అన్నాడు: "మా తమ్ముడు అడగలేదు ఎవర్నీ."

వసంతంలో రియోని నది కరిగి పొంగింది.
నేనూ బాగున్నాను. ఇక ఎందుకులే అని
ఎవరికీ చెప్పకుండా మానేశాను.
మూడో రోజు తల తిప్పితే
లోపలెక్కడో తీగ జివ్వుమంది.
మెట్ల మీద కూలబడి
బుగ్గ మీది మచ్చ తడుముకున్నాను.

అది పంతొమ్మిదేళ్ళప్పటిది.
ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని పియానో,
సగం స్వరం దిగిపోయి ఉంది.
గురువు లేడు, నాకు తొందర.
ఒక్క మధ్యాహ్నంలో లాగేద్దామనుకున్నాను.
తీగ తెగి ముఖం మీద గీసింది.
ఎక్కించడానికైనా దించడానికైనా
కొంచెం, ఆగి, మళ్ళీ కొంచెం అని
నేనే కదా కుర్రాళ్ళకి చెప్తుంటాను.

డాక్టర్ తిట్టలేదు. మళ్ళీ మొదలుపెట్టించింది.
దించే రోజు తను చెప్తుందట,
ఇప్పట్లో కాదట.

నిన్న మర్చిపోయాను. ఇవాళ ఒక్కటే వేసుకున్నాను,
నిన్నటిది నిన్నటికే పోయింది.
మూడో గదిలో మంద్ర స్వరాలు ఇంకా కిందే ఉన్నాయి.
గురువారం మళ్ళీ వస్తానని
కాపలా మనిషికి చెప్పాను.