ఉప్పు లెక్క

బర్కాల, సముద్రాన్ని మంచినీళ్లు జేసే ప్లాంటుల
పదకొండేండ్లు ఫిల్టర్లు మార్చిన.
నాలుగో వరుసల పొర పూడుకపోతే
మీటరు సూడకముందే తెలుస్తది నాకు.
పంపు మీద అరచెయ్యి పెడ్త,
గడ్డ ఎక్కుతున్న ఎద్దు లెక్క ముక్కుతది.
"తప్పు జల్లెడది, దెబ్బ పంపుకు రా"
అని కొత్తగొచ్చిన సింహాచలానికి
నేనే నేర్పిన.

అదే పాఠం నాకు తిరగ జెప్పిండు డాక్టరు,
మందుల చీటి ఎనక బొమ్మ గీసి.
రెండు చిక్కుడుగింజలు, మీద గుండెకాయ.
గుండె గోడ దొడ్డువడ్డదట.
"పాడైంది కిడ్నీలు గద సార్,
గుండెకేం బట్టింది?" అన్న.

వడగట్టని ఇసం నెత్తుట్లనే తిరుగుతదట,
తిరిగి తిరిగి గుండె గడప తొక్కుతదట.
కణం కణంల చిన్న పొయ్యిలుంటయట,
మైటో... నాకు నోరు తిరగలే.
వాటికి పొగ వట్టి ఉండొచ్చు అన్నడు.
ఉండొచ్చు అన్నడు గని ఉన్నది అనలే.
ఆ ఒక్క మాటకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

కణకణ మండాల్సిన కణం
తడికట్టె లెక్క చిటపటలాడుతున్నదేమో లోపట.
రూముకు మూడే మెట్లు.
రెండో మెట్టు మీద నిలవడి
బూటు దారం ముడేస్తున్నట్టు వంగుత.
బూట్లు పట్టుడు ఎన్నడో బందైంది,
కాళ్లకున్నయి చెప్పులు.
రఫీకుల్ సూసీ సూడనట్టు ముందుకు నడుస్తడు.

ఎవర్ని తిట్టాలె?
జూన్ ఎండల ట్యాంకు మీద పని,
మాటిమాటికి దిగితే మేస్త్రీ గుర్రుమంటడని
నీళ్లే తాగకపోతి.
నడుం నొప్పికి రోజూ రెండు గోలీలు.
మూత్రంల నురుగొస్తే
ఎవరో సబ్బునీళ్లు పోసిండ్రనుకున్న.

ఇప్పుడు వారానికి మూడు దినాలు,
నాలుగేసి గంటలు మిషను పక్కన.
తెల్లటి సన్నదారాల గొట్టమొకటి
నా నెత్తురు వడబోస్తది.
దానికి కావాల్సిన నీళ్లు మా ప్లాంటువే,
నర్సమ్మనడిగి తెలుసుకున్న.
ఊరంతటికీ నీళ్లు జేసినోనికి
దినానికి లీటరు, చాయ్ కలుపుకొని.
అరటిపండు వద్దు. ఊరి నుంచొచ్చిన తొక్కు
సీసా మూత దీసి వాసన సూసి పెడ్త.

నిన్న మిషనెక్కినంక సింహాచలం ఫోను:
"ఓదెలన్నా, నాలుగో వరుస మళ్లీ..."
"మీటరు సదువకు. చెయ్యి పెట్టి సూడు."
అవతల చప్పుడు లేదు.
ఇవతల నా చెయ్యి
ఎప్పుడు పోయిందో ఛాతి మీదికి.
"ముక్కుతోందన్నా" అన్నడు.
"ఆపకు" అన్న. "పొర మార్చేదాక
మెల్లగ నడవనియ్యి."