బస్సు తిరిగేలోపు

గెద్దాడ వారి అమ్మాయి ఫోన్ చాచి చూపించింది.
ఎక్కడో మధ్యధరా సముద్రంలో ఒక దీవి,
పేరు చెప్పింది గానీ నా నాలిక మీద నిలవలేదు.
పెళ్లయ్యాక ఇద్దరూ అక్కడికే వెళ్తారట.
"అక్కా, ఈ నీళ్ల రంగు జాకెట్టు కావాలి.
సరిగ్గా ఇదే."
నేనూ వీరవేణీ దారాల పెట్టె తలకిందులు చేశాం.
నెమలికంఠం ఉంది, ఆకాశం ఉంది, మైలుతుత్తం ఉంది.
గాజుకి ప్రాణమొస్తే ఉండే ఆ రంగు మాత్రం లేదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది.
"సముద్రం రంగు సముద్రాన్నే అడుగుదాం పద" అంది వేణి.
ఇరవై మూడేళ్లుగా అమలాపురంలో కుడుతూ
ఒక్కసారీ అటు వెళ్లలేదని అప్పుడే తట్టింది.

బస్సు కొబ్బరితోటల్లోంచి, చెరువుల గట్ల మీంచి,
రొయ్యల మేత వాసనలోంచి వెళ్లి
రోడ్డు అయిపోయిన చోట ఆగింది.
"ఆయ్, నలభై నిమిషాలండి. మళ్లీ ఇదే బస్సు" అన్నాడు కండక్టరు,
వెనక సీట్లో కాళ్లు జాపుకుంటూ.
ఊరికి బోర్డుంది, బీచికి లేదు.
మొక్కులు తీర్చుకునే సంగమం కాదిది,
టిక్కెట్టు లేదు, మొక్కజొన్న పొత్తుల బండి కూడా లేదు.
సరుగుడు తోట దాటితే, అంతే,
ఇసక.

ఎంత ఇసకో!
ఎవరో థాను విప్పి పరిచినట్టు,
ఇంకా కత్తెర పడని గుడ్డ.
రావణాసురుడి మీసాలు గాలికి దొర్లిపోతుంటే
నలభై ఆరేళ్ల వేణి చీర ఎగ్గట్టి వాటి వెంట పడింది.
ఎర్ర పీతలు మమ్మల్ని చూసి
బొత్తాల్లా కాజాల్లోకి దూరిపోయాయి.

సముద్రం మాత్రం
నీలం కాదు.
పాలు తక్కువైన టీ.
ఎక్కడెక్కడి మన్నో మోసుకొచ్చి గోదారి
ఇక్కడే కదా కొంగు దులిపేది.
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
ఫోన్‌లో దీవి తెరిచి నీళ్ల పక్కన పెట్టి చూశాను.
ఎండకి తెర నల్లబడి
నా మొహమే కనిపించింది, మెళ్లో వేలాడే టేపుతో సహా.

అలివి వల లాగుతున్న వాళ్లలో ఒక పెద్దాయన
(సంగాని భైరవస్వామి అని తర్వాత చెప్పాడు)
"ఏం పారేసుకున్నారమ్మా?" అన్నాడు.
"రంగు" అంది వేణి.
ఆయన నవ్వలేదు.
"వరదల్లో రండి, ఎర్రగా ఉంటది.
మాఘంలో రండి, పచ్చగా తేరుద్ది.
ఇప్పుడైతే ఇంతే."
తాడు వదలకుండానే గడ్డంతో చూపించాడు.
"అల ఇరిగే ముందు లోపలికి చూడండి. అదిగో.
పోయింది. మళ్లీ చూడండి."

చూశాం.
లేచిన అల పలచబడిన చోట, ఎండ దూరిన చోట,
ఒక్క రెప్పపాటు
గోళీసోడా గోళీ పచ్చ.
వేణి రీలు ఎత్తి పట్టుకునేలోపు విరిగిపోతుంది.
పదకొండు అలలకి పదకొండు రీళ్లు ఎత్తింది.
ఒక్కటీ కలవలేదు.
ఎవరూ అడగక పెట్టె అడుగున ముక్కిపోతున్న
బూడిద రంగు రీలొకటి
చెయ్యి జారి తడి ఇసకలో పడింది.
కనబడకుండా పోయింది.
చేత్తో తడిమి వెతుక్కోవాల్సొచ్చింది.

దిబ్బరొట్టె చెరి సగం తిన్నాం, పళ్ల కింద కరకర.
దూరంగా హారన్, రెండుసార్లు.
చెప్పులు చేత్తో పట్టుకుని పరుగో పరుగు.

రాజమండ్రి నుంచి దారం తెప్పించి
ఆ పిల్ల జాకెట్టు పూర్తి చేశాను. ఫోన్‌లో రంగే, సరిగ్గా.
షటిల్‌లో ఇసక పడి మిషను రెండుసార్లు మొరాయించింది.
లోపల లైనింగుకి మాత్రం,
చంక కింద ఎవరూ చూడని కుట్టుకి,
ఆ బూడిద దారమే వేశాను.
రేపు ఏ దీవిలోనో చేతులు చాచి ఫొటో దిగుతుంది,
దానికేం తెలుసు.

ఇవాళ వేణి అడిగింది,
కత్తెర ఆపకుండా, తలెత్తకుండా:
"మాఘం ఎప్పుడు?"