చిట్టా వెనకపక్క

మేనేజరు సారు కంప్యూటరును నా దిక్కు తిప్పినాడు.
ఐదు వందల ఎనభై ఎనిమిది.
నాకు అంకెలొస్తాయి సారూ,
బొరుగులు శేర్లతో కొలిచి అమ్మేదాన్ని,
కొలత తప్పితే చెయ్యే చెప్తాది.
ఇది యాడ కొలిచినారు?

సిబిల్ అన్నాడు.
ఆ పేరుతో ఆదోనిలో నాకెవరూ తెలీదు.
ఆయమ్మకు నేను తెలుసంట.

భట్టీకి మిషను కావాలని పోయినా.
ఇసకలో బియ్యం వేయించీ వేయించీ
హుసేనప్ప చేతుల మీద వెంట్రుక మొలిచేది మానేసింది.
మిషనుంటే ఆయప్ప కాసేపు కూర్చుంటాడు.
లక్షా ఇరవై వేలు.
కొటేషను కాగితం కొంగుకు ముడేసుకోని పోయినా.

"యాడో బాకీ ఎగ్గొట్టినావమ్మా."

ఎగ్గొట్టినానా.
పీర్ల పండగ వారం, నడిరాత్రి,
ఆయప్ప కడుపులో పేగు పగిలింది.
అంబులెన్సులో ఊపిరి లెక్కపెడ్తా పోయినా,
కోడుమూరు దాటినాక లెక్క తప్పింది.
కర్నూల్లో కార్డు చూసినారు.
కార్డులో ఉసేనమ్మ అని ఉండాది.
ఇతను మగమనిషి కదా అన్నారు,
పొద్దున ఆఫీసు తెరిస్తే సరిచేపిచ్చుకో అన్నారు.
పేగుకు ఆఫీసు టైము తెలీదు.

కౌంటరు కాడ ఒక పిల్లోడు,
మెడలో తాడు, చేతిలో పలకంత ఫోను.
వడ్డీ ల్యాదక్కా, వేలు పెట్టు అన్నాడు.
లోపల కత్తి. బయట వేలు.
ఎవురన్నా ఆడ నిలబడి చదువుతారా?

పదకొండు కంతులు కట్టినా.
రెండు తప్పినాయి.
ఒకటి, కుట్లు చీముపట్టిన నెల.
ఇంకోటి, వానకు భట్టీ మునిగిన నెల.
అప్పుడు ఫోన్లు మొదలైనాయి,
మా ఆడబిడ్డకు, పక్కింటోళ్లకు,
బడిలో పిల్లోని అయివారికి గూడా.
గాజులు రెండే ఉంటే రెండూ అమ్మి
కొంచెం తగ్గించమని ఒకేతూరి కట్టేసినా.
కాగితమిచ్చినారు. సెటిల్డ్.

ఆ మాట చూసి సంబరపడినా.
మా పక్క సెటిలైనాడంటే
కొలువొచ్చింది, మిద్దె కట్టినాడని.
సారు తల అడ్డంగా ఊపినాడు:
అది మంచి మాట కాదమ్మా, క్లోజ్డ్ అని ఉండాల.
ఒక్క మాట తేడా.
ఏడేండ్లుంటాదంట.

రుద్రప్పశెట్టి అంగట్లో చిట్టా
రెండు తట్ల నుంచి రాసేటోడు.
ముందర నుంచి బెల్లం, చింతపండు, కిరసనాయిలు.
తిరగేసి వెనకపక్క నుంచి
జబ్బు లెక్క.
కాన్పుకు, చలిజ్వరానికి, తేలు కుట్టినోనికి
ఇచ్చిన దుడ్లు ఆడ.
మంచోడేం కాదు సారూ.
ముందరి లెక్కకు వడ్డీ పీకి తీసేటోడు,
ఉప్పు తూకంలో వేలు పెట్టేటోడు.
వెనకపక్క మాత్రం ఎవురికీ చూపేటోడు కాదు.
గుత్తకు చేనిచ్చే ఆసామి వచ్చి
వీడు ఎట్లాంటోడు, బాకీలెట్లుండాయి అంటే
ముందరి కాగితాలే తిప్పేటోడు.
ఒకతూరి మా నాయన అడిగినాడు, ఎందుకప్పా అట్లా అని.
'ముందరిది వాని గుణం.
వెనకది వాని గాచారం.
రెండూ కలిపి కూడినోనికి లెక్క రాదని అర్థం.'

మీ కంప్యూటరుకు వెనకపక్క ల్యాదా సారూ?

ఆయన నవ్వలేదు.
అద్దాలు తీసి చొక్కాకు తుడ్చుకున్నాడు,
పెట్టుకోని మళ్లీ ఆ అంకెనే చూసినాడు.
తరవాత కంప్యూటరును తన దిక్కు తిప్పుకున్నాడు.
అప్పుడు కనపడింది దాని వెనకపక్క:
వైర్లు, దుమ్ము,
ఎవురో చీటీ అంటిచ్చి పీకిన గుర్తు.

ఇంటికొస్తే హుసేనప్ప ఇసక జల్లిస్తా ఉండాడు.
ఏమన్నారు అన్నాడు, తల ఎత్తకుండా.
సర్వరు డౌనంట, అన్నా.
ముడి విప్పకుండానే చేట తీసుకున్నా.
ఇసక కాగింది,
బియ్యం పోసినా.