శ్రీకాకుళం రోడ్

సనపల ఢిల్లేశ్వరరావు వచ్చాడు.
పాలకొండ రోడ్డులో మా మేడ మెట్లెక్కి
ఆయాసం తీరకముందే అడిగాడు:
"ద్వీపంలో కంపెనీ పెడితే ఏటవుద్ది సార్?"

ఫ్యాను గాలికి కాగితాలు లేస్తున్నాయి.
వంశధారలో ఏరుకొచ్చిన గులకరాయి వాటి మీద పెట్టి
ఏం అమ్ముతావురా అన్నాను.

"సప్పుళ్లు."

తప్పెటగుళ్ల చప్పుళ్లు.
రొమ్మున కట్టిన రేకు మీద పడే ఒక్కో దెబ్బా,
జముకు తంతి మూలుగూ, గజ్జె కట్టిన మడమ దిగిన మోతా,
రెండేసి సెకన్ల ముక్కలుగా కోసి నెట్లో పెడతాడట.
బెర్లిన్‌లో ఎవడో కొంటాడు, ఒసాకాలో ఒకావిడ కొంటుంది.
మనం నిద్రపోయే వేళ డాలర్లు రాలతాయి.

"అక్కడ పన్ను సున్నా సార్.
డైరెక్టర్ని కూడా ఆల్లే ఇస్తారు, ఏడాదికింతని."
ఫోన్లో ఫొటో చూపించాడు.
టై కట్టిన ముసలాయన. ఎనిమిది వందల కంపెనీలకు ఆయనే డైరెక్టరట.
పాపం, ఒక్కదాని పేరైనా గుర్తుంటుందా.

చట్టం పుస్తకం తీయలేదు నేను.
మొన్న ధర పెంచావే, ఎక్కడ కూర్చుని పెంచావు?
"ఇంట్లో. మంచం మీద."
ఒసాకా ఆవిడకి డబ్బు తిరిగిచ్చేద్దామని ఎక్కడ అనుకున్నావు?
"డే అండ్ నైట్ కాడ, టీ తాగతా."
ఏడాదిలో ఎన్ని రోజులు దేశం దాటావు?
వేళ్లు మడిచాడు, విప్పాడు.
"బరంపురం ఎల్లాను సార్, పెళ్లికి."

ఒరే, రైలు దిగినప్పుడు ఎప్పుడైనా చూశావా,
బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది,
కాళ్ల కింద ఉండేది ఆమదాలవలస.
కొత్తవాడు తికమకపడతాడు. ఆటోవాడు పడడు.
పన్నుల ఆఫీసుది ఆటోవాడి చూపు,
బోర్డు చదవదు,
నువ్వు దిగిన చోటు చూస్తుంది.

వాడు నవ్వలేదు. చదువుకునే వచ్చాడు:
"యాభై కోట్లు దాటకపోతే ఆ పేచీ నేదంట కదా."
ఉందిరా, ఆ వెసులుబాటు ఉంది.
(పద్నాలుగు లక్షల మనిషి, యాభై కోట్ల పేజీ చదివొచ్చాడు.
ముచ్చటేసింది.)
కానీ పనిచేసే చెయ్యి ఇక్కడుంది కదా,
ఆ చేతి సంపాదన ఇక్కడిదే అంటారు.
ద్వీపం నుంచి నీకొచ్చే ప్రతి రూపాయీ
గుమ్మంలో నిలబడి లెక్క చెప్పాలి.
రాకుండా అక్కడే పడుకున్నా
విదేశీ ఆస్తుల గళ్లలో కంపెనీ పేరూ, వాటా, ఖాతా నంబరూ రాయాలి.
మరిస్తే పది లక్షలు పడొచ్చు.
పన్ను ఎగ్గొట్టినందుక్కాదు,
గడి ఖాళీగా వదిలినందుకు.

కుండలో నీళ్లు ముంచి ఇచ్చాను. రెండు గ్లాసులు తాగాడు.

ఎవరిదో శుభలేఖ వెనక లెక్క వేశాం.
ఏజెంటుకి, ముసలాయన సంతకానికి,
అక్కడి బ్యాంకుకి, ఇక్కడి ఆడిటుకి.
మిగిలేది చూసి వాడే కొట్టేశాడు, అడ్డంగా, ఒక్క గీత.
ఇక్కడే ఉండి హామీ పత్రం రాసిస్తే
ఎగుమతి మీద జీఎస్టీ సున్నా.
నీకు సున్నా మీదే మనసైతే
ఒకటి ఇక్కడా ఉంది, తీసుకో.

ఖర్చుల కాలమ్ దగ్గర ఆగాను.
తప్పెట కొట్టినోళ్లకి ఎంతిచ్చావు?
"ఓపాలి బోయినాలెట్టాను సార్. కోడికూర."
ఎంతమంది?
"పదహారు మంది."
కోడికూర రాసుకున్నాను.
తర్వాత ఇంకేమీ అనకుండా పెన్ను పట్టుకునే కూర్చున్నాను.
వాడు కిటికీలోంచి రోడ్డు చూశాడు చాలాసేపు.
"వాటా ఇచ్చినా కర్సేనా సార్?"
ఖర్చే. ఆ మేరకు పన్నూ తగ్గుద్ది.
"అయితే రాయండి."
ఎంత అని అడిగితే, ఆల్లని అడిగి సెప్తానన్నాడు.

ఫీజు సంగతి నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.
సగం మెట్లు దిగాడో లేదో జేబులో ఫోను మోగింది,
అమ్ముడైనప్పుడల్లా మోగేలా పెట్టుకున్న ముక్క,
రేకు మీద ఒక్కటే దెబ్బ.

ఏ ఊళ్లో కొన్నారో.
మోగింది మాత్రం మా మెట్ల మీద.