ఐదో వంతు

డాన్‌కాస్టర్‌లో పట్టాల మీద పడే వాన చప్పుడే వేరు.
రాత్రి పన్నెండున్నర. మూడో అంతస్తు కిటికీ పక్కన కూర్చుని
నా చదరంగం ప్రోగ్రాముకి
కాలం ఖర్చు పెట్టడం నేర్పుతున్నాను.

మొదట్లో పిసినారి లెక్క రాశాను:
మిగిలిన సమయాన్ని నలభైతో భాగించు, అంతే.
పాపం, రాజుకి తప్పుకోడానికి ఒక్కటే గడి ఉన్నా
రెండు నిమిషాలు ఆలోచించేది,
ఒక్క చొక్కా ఉన్నవాడు బీరువా ముందు నిలబడ్డట్టు.

ఆ రోగం కుదిర్చాను.
ఒకే దారి ఉంటే ఆలోచించకు, నడువు.
పదమూడో లోతులో మెరిసిన ఎత్తు
పద్నాలుగో లోతులో పుచ్చిందని తేలితే
ఇంకాస్త సమయం తీసుకో, సిగ్గుపడకు.
ఎదుటివాడి గడియారం నడుస్తున్నప్పుడు నిద్రపోకు.
చివరి యాభై మిల్లీసెకన్లు ముట్టుకోకు,
అవి దారి ఖర్చులు.

అన్నిటికన్నా గట్టిగా రాసింది ఈ పంక్తి:
ఎంత కష్టమొచ్చినా ఒక్క ఎత్తుకి
ఉన్నదాంట్లో ఐదో వంతు దాటకూడదు.

సాయంత్రం క్లబ్బులో
క్లిఫ్ ఓల్డ్‌రాయిడ్ నా పక్క బల్ల మీద ఆడాడు.
ముప్పై ఏళ్ళు సిగ్నల్ క్యాబిన్‌లో లీవర్లు లాగినవాడు,
ఏ రైలునీ అనవసరంగా నిమిషం ఆపలేదని చెప్పుకునే మనిషి,
ఇరవై మూడో ఎత్తు దగ్గర తనే ఆగిపోయాడు.
పది నిమిషాలు. ఇరవై.
టీ మీద మీగడ కట్టింది. కెప్టెన్ రెండుసార్లు దగ్గాడు.
నలభై ఒకటో నిమిషంలో
గుర్రాన్ని తీసి బంటు నోటికి అందేచోట పెట్టాడు.

ఎదుటి కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.
తిన్నా ఆటకట్టే, తినకపోయినా ఆటకట్టే,
తొమ్మిది ఎత్తుల దూరంలో.
ఆ తొమ్మిదికీ క్లిఫ్ దగ్గర మిగిలింది
ముప్పై ఎనిమిది సెకన్లు.
ఆరో ఎత్తుకే జెండా పడింది.

"ఓడిపోయారు కదా," అన్నాను బస్టాపులో.
"ఆ, ఓడిపోయాను," అన్నాడు
పాస్ కోసం జేబులు తడుముకుంటూ.
చూశావా ఆ గుర్రాన్ని, అని మాత్రం
బస్సెక్కేలోపు మూడుసార్లు అడిగాడు.

ఇంటికొచ్చి ఆ బల్లని ప్రోగ్రాముకి చూపించాను.
ఐదో వంతు దగ్గర ఆగి, ఏనుగుని పక్కకి జరిపింది.
తెలివైన ఎత్తే. డ్రా అవుతుంది.
కళ్ళెం తీసేసి వదిలితే
అరగంట దాటాక, దానికీ గుర్రం కనిపించింది.

అయినా పంక్తి మార్చలేదు.
మారిస్తే నూరు ఆటల్లో తొంభై పోతాయి, నాకు తెలుసు.
దాని పక్కనే, కంపైలర్ చదవని చోట,
తెలుగులో రాసి పెట్టాను:
క్లిఫ్ ఇక్కడ ఆగలేదు.